దిగుమతి ఎవరి పని: కూల్‌డ్రింకుల బండి, ట్రాన్స్‌పోర్టు బండి రెండూ తోలాక

విజయవాడలో చిన్న సరకు బండి తోలేవాళ్లకు తేలిగ్గా దొరికే ఉద్యోగాలు రెండు. ఒకటి, కూల్‌డ్రింకులు, నీళ్ల సీసాలు, చిరుతిళ్లు దుకాణాలకు వేసే డీలరు దగ్గర లైను బండి. రెండోది, పై ఊళ్ల నుంచి లారీల్లో వచ్చిన సరకును ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి పార్టీలకు, అంటే ఆ సరకు తెప్పించుకున్నవాళ్లకు, చేర్చే బండి. మొదటిది చాలా ఏళ్లు చేశాను. రెండోదానికి మారి కూడా కొన్నేళ్లయింది. జీతమెంత, బత్తా ఎంత అన్నది ఎవరిని అడిగినా చెబుతారు కాబట్టి ఆ జోలికి వెళ్లను. లైసెన్సు సంగతీ అంతే. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది. నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయమే. బండి ఆగాక దిగుమతి, అంటే సరకు దించే పని, ఎవరిది? ఈ రెండు ఉద్యోగాల తేడా అంతా నాకు అక్కడే కనిపించింది.

కూల్‌డ్రింకుల లైనులో పేరుకు నేను డ్రైవర్ని. పక్కన సేల్స్‌మన్, వెనక హెల్పరు ఉంటారు. కానీ వన్‌టౌన్ సందుల్లోకి బండి పోదు. రోడ్డు మీదే ఆపి, వెనక వాహనాలు హారన్లు మోగిస్తుండగా దించాలి. హెల్పరు ఒక్కడే మోస్తుంటే స్టీరింగు దగ్గర కూర్చుని చూడలేము, చూస్తూ కూర్చుంటే ఆ రోజుకు లైను పూర్తి కాదు. 24 గాజు సీసాల నిండు కేసు 15 కిలోలకు తగ్గదు. రెండు లీటర్ల సీసాలు తొమ్మిది కలిపి చుట్టిన కట్ట 18 కిలోలు దాటుతుంది. నీళ్ల టిన్ను 20 లీటర్లు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ పెద్ద బరువు కాదు. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగడం, లేపడం, దుకాణం మెట్లెక్కడం, మళ్లీ వంగడం. వేసవిలో గిరాకీ ముదిరేకొద్దీ రెండో లోడు కూడా పడుతుంది. బెజవాడ ఎండలో మధ్యాహ్నం బండి తలుపు పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది, కేసుల పిడులు చెమటకు జారిపోతాయి.

కేసు దుకాణంలో పెట్టడంతో అయిపోదు. ఫ్రిజ్‌లో పాత సీసాలు ముందుకు లాగి, కొత్తవి వెనక సర్దాలి. తేదీ దగ్గరపడ్డవి తీసుకుపొమ్మని దుకాణదారు, కుదరదని సేల్స్‌మన్ వాదులాడుకుంటుంటే నిలబడి వినాలి. అటు తర్వాత ఖాళీ సీసాలు. మూతి పగిలినవి, వేరే కంపెనీవి, అడుగున సిగరెట్టు పీకలున్నవి ఏరి పక్కన పెట్టి, కేసులు లెక్కపెట్టి బండికి ఎక్కించాలి. రాత్రి డిపోలో ఆ లెక్క తేలేదాకా ఇంటికి వెళ్లేది లేదు. తేడా వస్తే ముగ్గురి జీతంలోనూ కోత పడుతుంది. ఆ కోత మీద నాకు ఇప్పటికీ కోపమే. సీసా దుకాణంలో పగిలిందా, బండిలో పగిలిందా, డిపోలో పగిలిందా చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. చివరికి బరువు మోసినవాళ్ల మీదే అది పడుతుంది.

ఇక ట్రాన్స్‌పోర్టుకు మారాక ఎదురైన సంగతి. మారిన కొత్తలో ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే దుకాణానికి ఒక చెక్కపెట్టె తీసుకువెళ్లాను. లోపల గేర్‌బాక్సు. వెనక తలుపు తీసి, పాత అలవాటు కొద్దీ బండెక్కి పెట్టె అంచు పట్టుకున్నాను. దుకాణం అరుగు మీద నలుగురు ముఠావాళ్లు, అంటే జట్టుగా సరకు ఎత్తి దించే కూలీలు, కూర్చుని ఉన్నారు. వాళ్లలో పెద్దాయన, మేస్త్రి కాబోలు, లేచి వచ్చి, "నువ్వు దిగు తమ్ముడూ, దిగుమతి మాది. నీ కాగితం మీద సంతకం చేయించుకో, వెళ్లి నీడలో కూర్చో" అన్నాడు. విసుగ్గా అన్న మాట కాదది. రోజూ జరిగే పని గురించి ఎంత మామూలుగా చెబుతారో అంత మామూలుగా చెప్పాడు.

వాళ్ల పని అరుగు మీద కూర్చుని చూశాను. ముందు పెట్టెను ఏ వైపు నుంచి లాగితే బరువు ముందుకు తూలదో ఇద్దరు చేత్తో తోసి చూశారు. బండి తోక దగ్గర నుంచి నేలకు రెండు మందపాటి పలకలు ఆనించి, వాటి కింద గోనె మడిచి పెట్టారు, జారకుండా. పెట్టె కింద ఇనుప గొట్టం ముక్కలు దూర్చారు. మోకు ఒకటి పెట్టె చుట్టూ తిప్పి, దాని కొసను బండి ఇనుప కమ్మీకి ఒక చుట్టు చుట్టి మేస్త్రి పట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ నెడుతుంటే ఆయన మోకును వేలెడు వేలెడుగా వదిలాడు. పెట్టె పలకల మీదుగా దిగి నేలకు తగిలినప్పుడు చప్పుడే కాలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, దుకాణదారు దగ్గర కూలి లెక్క రాయించి, మళ్లీ అరుగెక్కి కూర్చున్నారు. నా ఒంటి మీద ఒక్క చుక్క చెమట లేదు. అన్నేళ్లుగా నేను చేసిన పనికి ఒక పేరుందని, రేటుందని, దాన్ని చేసేవాళ్లకు ఒక సంఘముందని ఆ రోజు కళ్లారా చూశాను.

ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1976లోనే ఒక చట్టం చేశారు. ఎగుమతి, దిగుమతి కూలి రేట్లు ముఠా సంఘాలు వ్యాపారుల సంఘాలతో మాట్లాడి ఖాయం చేసుకుంటాయి. ఆటోనగర్‌లో, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో, వస్త్రలత బట్టల మార్కెట్లో డ్రైవరు నడుము నిలుస్తోందంటే ఆ సంఘాల చలవే. కూల్‌డ్రింకుల లైనులో మోసినవాడికి రేటు లేదు. కేసుకు ఇంత అని అదనంగా ఇచ్చేది అమ్మకానికి ఇచ్చేదే, మోతకు కాదు.

ఇంత మెచ్చుకున్నాక మిగతాది కూడా చెప్పాలి. ముఠా ఉండేది మార్కెట్లలోనే. పటమటలోనో గుణదలలోనో అపార్టుమెంటుకు మంచం, బీరువా వచ్చాయంటే అక్కడ ఎవరూ ఉండరు. పార్టీ రసీదు చూపించి "డోర్ డెలివరీ అని రాశారు కదండీ" అంటారు. మా ఆఫీసు లెక్కలో డోర్ డెలివరీ అంటే గేటు దాకా. పార్టీ లెక్కలో నాలుగో అంతస్తులో పడగ్గది దాకా. మధ్యలో నిలబడేది డ్రైవరే. వాచ్‌మన్‌ను బతిమాలి, అతనికి నా చేతి డబ్బిచ్చి మోయించిన రోజులున్నాయి. మార్కెట్లలోనూ సాయంత్రం పొద్దుపోయాక, ఆదివారాల్లో ముఠా దొరకదు. దిగుమతి కూలి తామెందుకివ్వాలని, కిరాయిలోనే కలిసి ఉంది కదా అని గొడవపడే పార్టీలూ ఉన్నాయి. అలాంటి చోట సరకు దిగేదాకా గంటలు గడుస్తాయి. ఆ గంటలకు నాకెవరూ డబ్బివ్వరు.

నిరీక్షణ నిజంగా ఈ ఉద్యోగంలో పెద్ద లోపం. లైను బండిలో చేయి ఖాళీ ఉండదు కానీ రోజు కదులుతుంది. ఇక్కడ మాత్రం గోడౌన్ తాళంచెవి భోజనానికి వెళ్లినాయన జేబులో ఉంటుంది. ఈ-వే బిల్లుతో, అంటే సరకు వెంట ఉండాల్సిన జీఎస్‌టీ పత్రంతో, మరో తలనొప్పి. సరకు విలువ 50,000 రూపాయలు దాటితే అది ఉండాలి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి పార్టీకి 50 కిలోమీటర్ల లోపైతే బండి నంబరు మార్చి రాయకపోయినా ఫరవాలేదు, కానీ గడువు మాత్రం బతికి ఉండాలి. లారీ ఆలస్యంగా వచ్చి, పార్టీ దుకాణం మూసి ఉంటే గడువు బండిలోనే తీరిపోతుంది. పొడిగించుకోవడానికి గడువుకు 8 గంటలు ముందు నుంచి 8 గంటలు తర్వాత దాకానే వీలు. ఆ సంగతి ఆఫీసులో కూర్చున్నవాళ్లకు గుర్తుండాలి. అందుకే నేను బండెక్కేముందు ప్రతి బిల్లు మీదా గడువు చూసి, దగ్గరపడిందంటే అక్కడే పొడిగించమని అడుగుతాను.

మనుషుల సంగతికొస్తే లైను బండే నయం. సింగ్‌నగర్‌లో దుకాణాల వాళ్లకు నా పేరు తెలుసు. మే నెలలో నేను దిగకముందే మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టేవాళ్లు. ట్రాన్స్‌పోర్టులో ఒక పార్టీని చూస్తే మళ్లీ ఎన్నాళ్లకు చూస్తామో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తర్వాత, అక్కడి పాత ఖాతాదారు ఒకాయనకు కొత్త ఇనుప ర్యాకులు మా ఆఫీసుకే వచ్చాయి. దుకాణం గోడల మీద నీళ్ల గీత నా భుజం ఎత్తున ఉంది. కింది అరలన్నీ తుప్పు, బురద. ఆ రోజు ముఠా కోసం చూడలేదు. ఆయన ఒక వైపు, నేను ఒక వైపు పట్టి అన్నీ లోపలికి చేర్చాం. దిగుమతి నా పని కాదని ఇంత రాస్తున్నాను కానీ ఆ ర్యాకులు మోసినందుకు నాకు సంతోషమే.

ఎవరికి ఏది మేలు? నాకు నలభై దాటాయి, నడుము నొప్పికి డాక్టరు బెల్టు రాసిచ్చారు, పిల్లలు చదువుకుంటున్నారు. ఈ స్థితిలో నాకు ట్రాన్స్‌పోర్టే నప్పింది. పాతికేళ్ల వయసుండి, మంచి హెల్పరు, గొడవపడని సేల్స్‌మన్ దొరికితే వేసవి మూడు నెలలూ కూల్‌డ్రింకుల లైనులో వచ్చే రాబడి ఇక్కడ రాదు. కాకపోతే చేరేముందు ఒక మాట గట్టిగా అడగాలి: ఖాళీ సీసాల తేడా ఎవరి జీతంలో పట్టుకుంటారు? డ్రైవరు పేరు అందులో ఉంటే అది డ్రైవరు ఉద్యోగం కాదు. ట్రాన్స్‌పోర్టులో అడగాల్సింది వేరు: ఇళ్ల డెలివరీలు ఎన్ని పడతాయి, వాటికి మనిషిని ఇస్తారా? మా ఆఫీసులో నేను అడిగితే, ఆలోచిస్తామన్నారు. మా డ్రైవర్లం కలిసి మళ్లీ అడగబోతున్నాం. ఇంటి సామాను వచ్చిన రోజుల్లోనైనా ఒక మనిషిని ఇస్తే, ఈ ఉద్యోగం మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం తీరినట్టే. నిరీక్షణకు డబ్బు అడగడం ఆ తర్వాతి మాట.