రొయ్యల చెరువు, సముద్ర నాచు తెప్ప: తీరానికి ఏది మేలు?

భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువు గట్టున నిలబడితే నీటిలో గాలి కలిపే ఏరేటర్ల హోరు వినిపిస్తుంది, రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి నీటిలో దించే పళ్లెం, అంటే చెక్‌ట్రేలో, తినగా మిగిలిన మేత గుళికలు కనిపిస్తాయి. తమిళనాడులోని రామనాథపురం తీరంలో వెదురు తెప్పల తాళ్లకు పెరిగే కప్పాఫైకస్ అనే సముద్ర నాచుకు మేత గానీ, మంచినీరు గానీ, ఎరువు గానీ అక్కరలేదు. చిన్న ముక్కలను తాడుకు కట్టి కడలిలో వదిలితే సుమారు 45 రోజుల్లో కోతకు వస్తుంది.

అసలు తేడా నీటి దగ్గరే ఉంది. చెరువు నుంచి వదిలే నీటిలో మిగిలిన మేత, రొయ్యల విసర్జితాల వల్ల చేరిన నత్రజని, భాస్వరం కాలువల్లో కలుస్తాయి, పైగా ఉప్పునీరు ఇంకి పక్క పొలాలు చౌడుబారుతాయి, ఊరి బావుల నీరు ఉప్పగా మారుతుంది. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇవ్వడానికి ఇవన్నీ కారణాలే. నాచు అదే నత్రజనినీ భాస్వరాన్నీ సముద్రం నుంచి పీల్చుకుంటుంది, కోసినప్పుడు అవి పంటతో పాటు ఒడ్డుకు చేరతాయి. ఈ ఒక్క గుణం కోసమే నేను నాచు వైపు మొగ్గుతాను.

నాచు కర్బనాన్ని పీల్చి వాతావరణానికి మేలు చేస్తుందనే మాటను మాత్రం అతిగా చెప్పకూడదు, ఎందుకంటే నాచు పీల్చుకున్న కర్బనంలో చాలా భాగం మనం తిన్నాక తిరిగి గాలిలోకే పోతుంది.

ఆదాయంలో రొయ్యదే పైచేయి. నాచుకూ ఒక ప్రమాదం ఉంది: కప్పాఫైకస్ మన సముద్రానిది కాదు, మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర అది పగడపు దిబ్బల మీదికి పాకి వాటిని కమ్మేసింది. అందుకే, ఇంట్లో చైనా గ్రాస్‌గా వాడే అగర్‌ను ఇచ్చే గ్రాసిలేరియా వంటి స్థానిక నాచులకే ముందు చోటివ్వాలి, తెప్పలను పగడాలకు దూరంగా కట్టాలి.