నైట్రోఫినాల్ క్షయకరణకు బంగారమా, వెండా, రాగా: ఏది మేలు?

చెన్నైలో రసాయనశాస్త్రం చదువుతున్న మన విద్యార్థులు ప్రాజెక్టుకు ఉత్ప్రేరకంగా (తాను ఖర్చవకుండా చర్యను వేగవంతం చేసేదిగా) లోహ నానో కణాలను ఎంచుకునేటప్పుడు ఎక్కువగా చూసేది చర్య ఎంత వేగంగా ముగిసిందన్నదే. ఆ ఒక్క కొలమానం చాలదు. పారాథియాన్ వంటి పురుగుమందులు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే 4-నైట్రోఫినాల్, సోడియం బోరోహైడ్రైడ్ అనే క్షయకరణి సమక్షంలో 4-అమినోఫినాల్‌గా మారడం, అంటే దాని క్షయకరణ, శక్తిపరంగా అనుకూలమే అయినా, ఉత్ప్రేరకం లేనిదే ఆ చర్య దాదాపుగా సాగదు. లేత పసుపు ద్రావణంలో బోరోహైడ్రైడ్ వేయగానే ఫినోలేట్ అయాన్ ఏర్పడి రంగు చిక్కబడుతుంది. లోహ కణాలు చేరాక 400 నానోమీటర్ల వద్ద ఉన్న ఫినోలేట్ శోషణ శిఖరం (కాంతిని అత్యధికంగా పీల్చుకునే చోటు) కుంగి, 300 దగ్గర అమినోఫినాల్ శిఖరం కొత్తగా లేస్తుంది.

ఇక్కడే వెండితో ఒక చిక్కుంది. వెండి నానో కణాలు కూడా దాదాపు 400 నానోమీటర్ల వద్దే కాంతిని శోషిస్తాయి కాబట్టి, వాటి మోతాదు ఎక్కువైతే తగ్గుతున్నది నైట్రోఫినాలా, ముద్దకడుతున్న వెండా అన్నది తేల్చుకోవడం కష్టమవుతుంది. బంగారం శిఖరం 520 దగ్గర ఉంటుంది గనుక ఈ గందరగోళం చాలావరకు తప్పుతుంది. పైగా క్యువెట్ (కాంతి శోషణ కొలవడానికి ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్ర) గోడకు పట్టే హైడ్రోజన్ బుడగలు ఎలాగూ రీడింగును ఎగుడుదిగుడు చేస్తాయి. దానికి తోడు మరో అయోమయం ఎందుకు?

అయితే స్వేదనజలంలో గెలిచిన బంగారం, తీరప్రాంతపు బోరు నీటి ఉప్పులో తడబడవచ్చు. సిట్రేట్‌తో గుంపుకట్టకుండా నిలిపిన కణాలు ఒకదాన్నొకటి వికర్షించేది వాటి ఋణావేశం వల్లే. ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేస్తే కణాలు గుంపుకట్టి, ఎర్రని ద్రావణం నీలిగా మారుతుంది, ఉపరితలం తగ్గి చర్య మందగిస్తుంది. వెండికి గుంపుకట్టే బెడదతో పాటు, గాలి సోకితే సిల్వర్ క్లోరైడ్‌గా మారే ప్రమాదం కూడా ఉంది. పాలిమర్ తొడుగో, ఘన ఆధారమో ఇస్తే రెంటికీ నిలకడ పెరుగుతుంది.

రాగి చవక, కానీ గాలిలో త్వరగా ఆక్సైడ్ పడుతుంది. బోరోహైడ్రైడ్ ఆ పొరను కొంతమేర తిరిగి లోహంగా మారుస్తుంది కాబట్టి, చర్య కాస్త ఆలస్యంగా మొదలైతే రాగి పనికిరాదని కొట్టిపారేయకూడదు. దాన్ని అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఆక్సైడ్ అయిన మాగ్నటైట్‌పై కూర్చితే అయస్కాంతంతో పట్టి వేరుచేసుకోవచ్చు. నీటిలోకి కరిగిన రాగిని మాత్రం విడిగా కొలవాలి.

చర్య విధానం తేల్చే ప్రాజెక్టుకు నేను బంగారాన్నే ఎంచుకుంటాను, మురుగునీటి కోసమైతే మాగ్నటైట్‌పై రాగిని. పల్లాడియం ఖరీదైనదే అయినా, బోరోహైడ్రైడ్‌కు బదులు హైడ్రోజన్‌తో గాని, ఫార్మిక్ ఆమ్లంతో గాని పనిచేయించవచ్చన్నది దాని ప్రత్యేకత. ఈ సౌలభ్యం చిన్నది కాదు: చర్య వేగం నైట్రోఫినాల్ గాఢత ఒక్కదానిపైనే ఆధారపడినట్టు (ప్రథమ క్రమాంకంగా) లెక్కించడానికి మనం మోతాదుకు మించి పోసే బోరోహైడ్రైడ్ చివరికి బోరేట్‌గా నీటిలోనే మిగులుతుంది, తాగునీటిలో బోరాన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. రంగు పోయాక మిగిలిన అమినోఫినాల్ కూడా విషపూరితమే, గాలికి గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని తొలగించే దశను కూడా ప్రాజెక్టు ఖర్చులో కలుపుకోవాలి.