ముక్కు స్వాబా, లాలాజలమా: కోవిడ్ నమూనాల్లో వైరస్ మోతాదు

కోవిడ్ నిర్ధారణకు ముక్కు వెనుక, గొంతు పైభాగం నుంచి స్వాబ్‌తో తీసే నమూనానే మొదట ప్రామాణికంగా ఎంచారు. సన్నని పుల్లను నాసికారంధ్రం గుండా అడ్డు తగిలేదాకా పంపి, కొన్ని క్షణాలు అక్కడే ఉంచి తిప్పి తీయాలి; కళ్లలో నీళ్లు తిరగడం మామూలే. పైపైన తిప్పి తీసేస్తే, రోగిలో వైరస్ ఎంత ఉన్నా పుల్లకు అంటేది తక్కువే. లాలాజలానికి అంత నైపుణ్యం అక్కర్లేదు. 2020లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసుపత్రిలో చేరిన రోగుల నమూనాలను పోల్చి, లాలాజలంలోనే వైరస్ ఆర్‌ఎన్‌ఏ (జన్యుపదార్థం) ఎక్కువగా ఉన్నట్టు చూపారు. తర్వాతి అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు.

ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో వైరస్ జన్యుపదార్థాన్ని పదేపదే రెట్టింపు చేస్తారు; అది కనబడేందుకు ఎన్ని విడతలు పట్టాయో చెప్పేదే సీటీ విలువ. అది 3.3 మేర తగ్గితే వైరస్ జన్యుపదార్థం దాదాపు 10 రెట్లు ఎక్కువని లెక్క. అలాగని నిన్నటి స్వాబ్ సీటీ 24ను నేటి లాలాజలపు సీటీ 27 పక్కన పెట్టి వైరస్ తగ్గిందనడం పొరపాటు. స్వాబ్‌కు ఎంత స్రావం అంటిందో ఎవరూ కొలవరు, పైగా అది సీసాలోని 3 మిల్లీలీటర్ల ద్రావణంలో పలచబడుతుంది. లాలాజలం చాలాచోట్ల నేరుగానే పరీక్షకు వెళ్తుంది, కానీ జిగట ఎక్కువైతే పిపెట్‌లోకి (ద్రవాన్ని కొలిచి తీసే గొట్టంలోకి) సరిగా ఎక్కదు. ఒకే రోగిని రోజుల తరబడి గమనించేటప్పుడు నమూనా రకాన్ని మార్చకూడదు. బడిపిల్లలకు పదేపదే పరీక్ష చేయవలసి వస్తే మాత్రం నా ఓటు లాలాజలానికే.