రిజిస్ట్రార్ ఇచ్చే డీఎన్ఎస్సా, క్లౌడ్ డీఎన్ఎస్సా?

చీమకుర్తి గ్రానైట్ కొనే విదేశీ బయ్యర్ మీ వెబ్‌సైట్ పేరు టైప్ చేస్తే, అది ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది డీఎన్ఎస్. డొమైన్ (ఆ వెబ్‌సైట్ పేరు) కొన్నచోట, అంటే రిజిస్ట్రార్ దగ్గర, అది మామూలుగా ఉచితంగానే వస్తుంది. నాలుగు పేజీల సైట్, ఒక మెయిల్ ఉన్న ఒంగోలు షాపుకు అది చాలు. మార్చమని ఎవరైనా వెంటపడినా నేనైతే వద్దంటాను.

ఎగుమతుల సంగతి వేరు. నెల్లూరు రొయ్యల కంపెనీకి ఆర్డర్లు, షిప్పింగ్ కాగితాలు మెయిల్‌లోనే నడుస్తాయి. డీఎన్ఎస్ పడిపోతే సైటే కాదు, మెయిల్ కూడా నిలిచిపోతుంది. అమెజాన్ రూట్ 53, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి క్లౌడ్ డీఎన్ఎస్ సేవలు ప్రపంచమంతా సర్వర్లు పెట్టి, అడిగినవారికి దగ్గర్లోని చోటు నుంచి జవాబిస్తాయి. రూట్ 53లో హెల్త్ చెక్ (సర్వర్ పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష) పెట్టుకుంటే, ఒక వెబ్ సర్వర్ ఆగినప్పుడు జనాన్ని రెండోదానికి మళ్లిస్తుంది. డీఎన్ఎస్ రికార్డు టీటీఎల్ (పాత జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు) 60 సెకన్ల లాగా తక్కువగా ఉంచితేనే ఆ మళ్లింపు త్వరగా పనిచేస్తుంది. చాలామంది ఇది మర్చిపోతారు.

ఖర్చంటారా? రూట్ 53కి డొమైన్‌కు నెలకు అర డాలరు, పది లక్షల క్వెరీలకు (డీఎన్ఎస్‌ను చిరునామా అడిగే ప్రశ్నలకు) 40 సెంట్లు. హెల్త్ చెక్‌లకు విడిగా కట్టాల్సి రావచ్చు. క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉచిత ప్లాన్ ఉంది.

క్లౌడ్ అయితే టెన్షనే లేదనుకోవద్దు. 2016 అక్టోబర్ 21న డిన్ అనే పెద్ద డీఎన్ఎస్ సంస్థపై దాడి జరిగితే ట్విటర్, స్పాటిఫై అమెరికాలో చాలామందికి తెరుచుకోలేదు. పెద్ద ఎగుమతిదారులు రెండు కంపెనీల నేమ్‌సర్వర్లు (డీఎన్ఎస్ జవాబులిచ్చే సర్వర్లు) పెట్టుకోవడం మేలు.

మారేముందు ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది), ఎస్పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పేది) రికార్డులన్నీ కొత్తచోట ఎక్కించండి. డొమైన్ అకౌంట్ సైట్ చేసిన కుర్రాడి పేరు మీద ఉంటే, ముందు దాన్ని మీ పేరుకు మార్పించుకోండి.