లివర్‌పూల్ స్పోర్ట్ సైకాలజీ డాక్టరేట్ ఎవరికి పనికొస్తుంది?

బ్రిటన్‌లో ‘స్పోర్ట్ అండ్ ఎక్సర్‌సైజ్ సైకాలజిస్ట్’ అని చెప్పుకోవాలంటే ఆరోగ్య, సంరక్షణ వృత్తులవాళ్లను నమోదు చేసే నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరుండాలి. 2009 నుంచి ఈ బిరుదుకు చట్టరక్షణ ఉంది. అక్కడికి తీసుకెళ్లే దారుల్లో లివర్‌పూల్ జాన్ మూర్స్ యూనివర్సిటీ ప్రొఫెషనల్ డాక్టరేట్ ఒకటి. ఫుల్‌టైమ్ అయితే రెండేళ్లు, పార్ట్‌టైమ్ అయితే నాలుగేళ్లు.

ఇది పీహెచ్‌డీ కాదు. పరిశోధన ఉంటుంది కానీ, బరువంతా క్రీడాకారులతో చేసే పని మీదే. కేస్ స్టడీలు, ప్రాక్టీస్ లాగ్, రిఫ్లెక్టివ్ డైరీ అన్నీ పోర్ట్‌ఫోలియోలోకి వెళ్తాయి. చాలామంది తడబడేది డైరీ దగ్గరే. ‘బౌలర్‌కు 40 నిమిషాలు శ్వాస సాధన నేర్పాను’ అని రాస్తే అది హాజరు పట్టీ. సెల్ఫ్‌టాక్ (తనకు తాను ధైర్యం చెప్పుకునే సాధన) వదిలి శ్వాసే ఎందుకు ఎంచుకున్నారు, రనప్‌లో ఏ అడుగు దగ్గర అతను దాన్ని మరిచిపోయాడు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? డైరీలో ఉండాల్సింది ఇదీ. ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున కూర్చుని అల్లిన డైరీ ఇట్టే తెలిసిపోతుంది.

రెండో చిక్కు, అందరూ ఫుట్‌బాల్ క్లబ్బుల వెంట పడటం. పేరులో ‘ఎక్సర్‌సైజ్’ కూడా ఉంది మరి! గుండెజబ్బు తర్వాత నడక మొదలుపెట్టేవాళ్లతో పనిచేసిన అనుభవం లేకపోతే పోర్ట్‌ఫోలియో ఒంటికాలి మీద నిలబడినట్టే.

మన దగ్గర సైకాలజీ డిగ్రీ చేసినవాళ్లు ముందు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ జీబీసీ అర్హత, అంటే తమ డిగ్రీని ఆ సొసైటీ చార్టర్డ్ సభ్యత్వానికి పునాదిగా ఒప్పుకుంటుందో లేదో తేల్చుకోవాలి. అది లేకుంటే ఆ లోటు పూడ్చే కన్వర్షన్ కోర్సు చేయాలి. ఆపైన సొసైటీ గుర్తింపున్న ఎమ్మెస్సీ. ఖర్చు లెక్క అక్కణ్నుంచి వేసుకోండి.