కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే: ఏ మందు మేలు, ఏ కొలత మేలు?

లేబర్ రూమ్‌లో పదమూడేళ్లుగా నేను ఎక్కువసార్లు విన్న మాట "మామూలే". మాయ పడ్డాక ఆయమ్మ తడిసిన గుడ్డలు తీస్తుంటే "ఎంత పోయిందమ్మా?" అని అడిగేదాన్ని. "మామూలే సిస్టర్" అనేది. నేనూ ఒక్క చూపు చూసి కేసు షీట్‌లో 200 మి.లీ. అని రాసేసేదాన్ని. అరగంటకి బాలింత పెదాలు పాలిపోయి, "దాహంగా ఉందక్కా" అంటూ చెయ్యి చల్లబడితే, నాడి పరుగెడుతుంటే, నేను రాసిన 200 ఎంత తప్పో అప్పుడు తెలిసేది.

కాన్పు తర్వాతి రక్తస్రావం ప్రపంచంలో ఏటా వేలాది మంది తల్లుల్ని పొట్టన పెట్టుకుంటోంది. ఏ మందు మేలు అన్నదాని మీద ఈ ఇరవై పాతికేళ్లలో పెద్ద పెద్ద పరిశోధనలు జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను.

బిడ్డ పుట్టాక మాయ అంటుకుని ఉన్న చోట రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి కండరం ముడుచుకుంటేనే అవి మూసుకుంటాయి. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. నానిన పిండిలా మెత్తగా తగిలితే లోపల నెత్తురు పోతోందని లెక్క. ఆ కండరాన్ని బిగించేవే నేను పోల్చబోయే మూడు మందులూ.

మొదటిది ఆక్సిటోసిన్. 1953లో విన్సెంట్ డు విన్యో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో ఆయనకి నోబెల్ వచ్చింది. బిడ్డ బయటికి రాగానే 10 యూనిట్లు తొడకి ఇస్తాం. చవక, త్వరగా పనిచేస్తుంది, నొప్పులు రావడానికి డ్రిప్‌లోనూ ఇదే వాడతాం. చిక్కంతా చల్లదనంతోనే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో కరెంటు పోయి, జనరేటర్‌కి డీజిల్ లేని రోజున ఆ ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే నాకు గుండె దడ. ఎండకి పాడైన మందు చూడ్డానికి మంచి మందులాగే ఉంటుంది. సూది వేస్తాం, గర్భసంచి మాత్రం బిగియదు.

దీనికి ఇంకో కష్టం కూడా వచ్చింది. పాలు చేపడానికి గేదెలకి పొడుస్తున్నారని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దీన్ని మన దేశంలో అమ్మడానికి తయారుచేయకూడదని ఆంక్ష పెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. గేదెల పేరు చెప్పి బాలింతల మందుకి కొరత వస్తుందేమోనని ఆ కొన్ని నెలలు నేను నిజంగా భయపడ్డాను.

రెండోది వేడికి తట్టుకునే కార్బెటోసిన్. 30 డిగ్రీల్లోనూ చెడదు. ఆక్సిటోసిన్ ప్రభావం నిమిషాల్లో తగ్గిపోతే, ఇది అంతకంటే చాలాసేపు నిలుస్తుంది. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి మన దేశంతో సహా 10 దేశాల్లో దాదాపు 30,000 మంది తల్లుల మీద చేసిన 'ఛాంపియన్' పరిశోధన 2018లో వచ్చింది. 500 మి.లీ. దాటి నెత్తురు పోవడమో, అదనపు మందు అవసరం పడటమో కార్బెటోసిన్ వాళ్లలో 14.5 శాతం, ఆక్సిటోసిన్ వాళ్లలో 14.4 శాతం. అంటే సరిసమానం. 1000 మి.లీ. దాటిన కేసులు రెండువైపులా తక్కువే కాబట్టి ఆ దగ్గర మాత్రం సమానమని గట్టిగా తేల్చలేకపోయారు. ఒక్కటి గమనించాలి. ఆ పరిశోధనలో ఆక్సిటోసిన్‌ని సరైన చల్లదనంలో ఉంచి ఇచ్చారు. ఫ్రిజ్ నమ్మకంగా నడిచే చోట ఆక్సిటోసిన్ మార్చాల్సిన పనిలేదు. నడవని చోట కార్బెటోసిన్‌కే నా ఓటు. అయితే ఇది కాన్పు అయ్యాక రక్తస్రావం రాకుండా ఇచ్చే మందు. నొప్పులు తెప్పించడానికి పనికిరాదు, కాబట్టి ఆక్సిటోసిన్ ఎలాగూ దగ్గర ఉండాల్సిందే.

మూడోది మిసోప్రోస్టాల్. మాత్ర. సూది అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. దీని కథ మన పొరుగునే కర్ణాటకలో బెళగావి చుట్టుపక్కల పల్లెల్లో నడిచింది. అక్కడ ఏఎన్‌ఎంలు ఇళ్లల్లో, సబ్‌సెంటర్లలో కాన్పులు చేస్తూ 1,620 మందిలో కొందరికి 600 మైక్రోగ్రాముల మాత్రలు, మిగతావాళ్లకి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2006లో ఫలితం వచ్చింది: రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. సగానికి సగం! ఈ అంకె చూసి మిసోప్రోస్టాలే గొప్పదనుకోకూడదు, ఎందుకంటే అక్కడ పోటీ ఉత్తుత్తి మాత్రతో. ఆక్సిటోసిన్‌తో పోటీపెట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ 18,000 మందికి పైగా తల్లుల మీద చేసి 2001లో ప్రచురించిన పరిశోధనలో 1000 మి.లీ. దాటిన రక్తస్రావం ఆక్సిటోసిన్‌తో 3 శాతం, మిసోప్రోస్టాల్‌తో 4 శాతం. పైగా మాత్రతో చలి, వణుకు, జ్వరం ఎక్కువ. ఆసుపత్రిలో ఆక్సిటోసిన్ ఉండగా మాత్ర ఇవ్వడం సరికాదు. కానీ పాడేరు ఏజెన్సీలో డోలీ మీద కొండ దిగుతూ దారిలోనే కాన్పయ్యే తల్లికి, సూది వేసే మనిషి పక్కన లేనప్పుడు, ఆ మాత్రే దిక్కు.

ట్రానెగ్జామిక్ ఆమ్లాన్ని కొందరు వీటికి పోటీగా చెబుతారు. కాదు. అది గర్భసంచిని బిగించదు, గడ్డకట్టిన నెత్తురు కరిగిపోకుండా ఆపుతుంది. 1962లో జపాన్‌కి చెందిన ఉటాకో ఒకమోటో, ఆమె భర్త శోసుకే దీన్ని కనిపెట్టారు. 20,060 మంది తల్లులతో చేసిన 'ఉమన్' పరిశోధన 2017లో వెలువడింది. మూడు గంటల్లోపు ఇస్తే నెత్తురు పోయి చనిపోవడం 1.7 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గింది. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ లాభం దాదాపు పదో వంతు తరిగిపోతుందని తర్వాత లెక్కగట్టారు. ఉటాకో గారు ఆ ఫలితం చూడకుండానే అంతకు ముందు ఏడాది కన్నుమూశారు. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

మూడు గంటల్లోపు ఇవ్వాలంటే రక్తస్రావం మొదలైందని ముందు తెలియాలి కదా. అక్కడికే మళ్లీ "మామూలే" దగ్గరికి వస్తున్నాను.

కంటి అంచనాకి బదులు గీతలున్న ప్లాస్టిక్ సంచి ఉంది. తల్లి పిరుదుల కింద పరిస్తే నెత్తురు గరాటులోకి జారినట్టు జారి సంచిలో చేరుతుంది. అలాంటిది ఒకటి ఆ బెళగావి పరిశోధనలోనే రూపుదిద్దుకుంది. 2023లో వచ్చిన 'ఈ-మోటివ్' పరిశోధన కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో 2 లక్షలకు పైగా కాన్పుల మీద జరిగింది. ఒకవైపు గీతలున్న సంచి, మరోవైపు గీతల్లేని సంచి. గీతలున్న చోట రక్తస్రావాన్ని 93 శాతం కేసుల్లో పట్టుకున్నారు, లేని చోట 51 శాతమే. అంటే కళ్లెదుటే నెత్తురు పోతున్నా సగం మందిని గుర్తించలేదు! నాలాంటి వాళ్లే వాళ్లూ. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడూ కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి పడిపోయాయి. మరణాలు మాత్రమే విడిగా తీసి చూస్తే తేడా స్పష్టంగా తేలలేదు, ఆ మాటా చెప్పాలి.

సంచి ఒక్కటే చాలా? చాలదు. యూరప్‌లో 13 దేశాల్లో సంచి మాత్రమే ఇచ్చి చూశారు, 2010లో ఫలితం వచ్చింది. తీవ్ర రక్తస్రావం సంచి వాడని చోట 2.06 శాతం, వాడిన చోట 1.71. లెక్క ప్రకారం అది తేడానే కాదు. ఈ-మోటివ్‌లో గీత తాకగానే ఏం చెయ్యాలో వరసగా నేర్పారు: గర్భసంచి మర్దన, బిగించే మందు, ట్రానెగ్జామిక్ ఆమ్లం, సెలైన్, ఎక్కడ చిరిగిందో చూడటం, పై డాక్టరుకి కబురు. ఒకటి పనిచేసిందో లేదో చూసి ఇంకొకటి కాదు, అన్నీ ఒకేసారి. నేను ఇన్నాళ్లూ చేసింది మొదటి పద్ధతే. మర్దన చేసి చూద్దాం, సూది వేసి చూద్దాం అంటూ.

కాబట్టి ఒక చిన్న ఆసుపత్రికి ఒక్కదానికే డబ్బులుంటే కొత్త మందు కంటే ముందు గీతల సంచులు కొనమంటాను, వాటితోపాటు స్టాఫ్ అందరికీ ఆ వరస నేర్పమంటాను. మన దగ్గర ఇది ఇంకా అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 7 ఉన్న పిల్లకి 400 మి.లీ. పోయినా అది మామూలు కాదు. రక్తహీనత ఉన్నవాళ్లకి ముందుగానే ట్రానెగ్జామిక్ ఆమ్లం ఇస్తే రక్తస్రావం ఆగుతుందేమోనని 15,000 మంది మీద చూశారు, 2023లో అదీ తేలింది: ఉపయోగం కనిపించలేదు. వాళ్లకి ఐరన్ అందాల్సింది నెలలు నిండకముందే.

మా లేబర్ రూమ్‌కి కొన్ని సంచులు వచ్చాయి. మొదటిసారి పరిచిన రోజు ఆయమ్మ ఎప్పట్లాగే "మామూలే సిస్టర్" అంది. నేను వంగి చూశాను. 300 గీత దాటి ఉంది. పొట్ట మీద చెయ్యి వేస్తే మెత్తగా తగిలింది.