అమీర్‌పేటలో చేసిన ఆయిల్ అండ్ గ్యాస్ సేఫ్టీ కోర్సు గురించి: పాఠం బాగుంది, పేపర్ వ్యవహారం బాలేదు

గల్ఫ్‌కి సేఫ్టీ ఆఫీసర్‌గా వెళ్దామనుకునే వాళ్లు, ఇక్కడే కాంట్రాక్టర్ల దగ్గర షట్‌డౌన్ పనులు చేస్తూ ఒక సర్టిఫికెట్ ఉంటే జీతం పెరుగుతుందని చూసేవాళ్లు, అందరూ ముందు వచ్చేది అమీర్‌పేటకే కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నాను. నేను నెబోష్ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే ఐజీసీ సేఫ్టీ సర్టిఫికెట్ చేశాను, దాంతోపాటు అదే ఇన్‌స్టిట్యూట్ సొంతంగా నడిపే ఆయిల్ అండ్ గ్యాస్ హెచ్‌ఎస్‌ఈ (ఆరోగ్యం, భద్రత, పర్యావరణం) కోర్సు కూడా. పేరు రాయడం లేదు. అక్కడున్న ఇన్‌స్టిట్యూట్లలో దేనికి వెళ్లినా ఏం చూడాలో తెలిస్తే చాలని నా ఉద్దేశం.

పాఠం చెప్పిన సార్ గురించి ముందు చెప్పాలి. రిఫైనరీలోనూ ఆఫ్‌షోర్‌లోనూ చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. స్లైడ్లు ఆపేసి ఖాళీ పర్మిట్ ఫారాలు, అంటే ప్రమాదకరమైన పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి పత్రాలు, పంచి, ట్యాంకు లోపల వెల్డింగ్ పని ఉందనుకుని నింపమన్నారు. అందరం గబగబా నింపి సంతకం పెట్టేశాం. అప్పుడు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి గ్యాస్ టెస్ట్ ఎవరు చేశారు, ఎన్నింటికి చేశారు, భోజనానికి ఆగి మళ్లీ మొదలుపెట్టే ముందు మళ్లీ చేశారా, బయట నిలబడే మనిషి ఎవరు అని అడుగుతూ పోయారు. గ్యాస్ టెస్ట్ మీదే చాలాసేపు ఉన్నారు, అంతసేపూ అవసరమే. ముందు ఆక్సిజన్, తర్వాత మండే గ్యాస్, ఆ తర్వాత విషవాయువులు. ఈ వరుస ఎందుకంటే మండే గ్యాస్ అంటుకునే స్థాయికి (ఎల్‌ఈఎల్) ఎంత దగ్గరగా ఉందో చూపించే మామూలు క్యాటలిటిక్ సెన్సర్ పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి, అది తక్కువున్న చోట మీటర్ తక్కువే చూపిస్తుంది, మనమేమో అంతా బాగుందనుకుంటాం. మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి పైకి చేరుతుంది, హెచ్‌టూఎస్ అనే విషవాయువు (హైడ్రోజన్ సల్ఫైడ్) బరువు కాబట్టి అడుగున ఉంటుంది, అందుకని మ్యాన్‌హోల్ మూత దగ్గర ఒక్కసారి మీటర్ పెట్టి ఓకే రాస్తే కుదరదు, పైన, మధ్యలో, కింద చూడాల్సిందే. హెచ్‌టూఎస్‌కి కుళ్లిన గుడ్ల వాసన ఉంటుందని అందరికీ తెలుసు, కానీ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. వాసన రావట్లేదని దిగినవాడు పడిపోతాడు, వాడిని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. మన నగరంలో డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో ప్రాణాలు పోయేదీ ఇలాగే.

పైపర్ ఆల్ఫా పాఠం కూడా అంతే బాగా చెప్పారు. అది నార్త్ సీలో నూనె, గ్యాస్ తీసే ప్లాట్‌ఫాం, 1988 జులై 6 రాత్రి అక్కడ జరిగిన ప్రమాదంలో 167 మంది చనిపోయారు. పగలు ఒక కండెన్సేట్ పంపు సేఫ్టీ వాల్వ్ విప్పి ఆ చోట బ్లైండ్ ఫ్లాంజ్ (పైపు చివర మూసే మూత) పెట్టారు, ఆ పనికి ఒక పర్మిట్, పంపు మెయింటెనెన్స్‌కి ఇంకో పర్మిట్. రాత్రి రెండో పంపు ఆగిపోయింది, వాల్వ్ లేదన్న సంగతి తెలియని నైట్ షిఫ్ట్ వాళ్లు మొదటి పంపు ఆన్ చేశారు, అక్కడి నుంచి లీకై పేలింది. సార్ మాలో కొందరిని డే షిఫ్ట్‌గా, కొందరిని నైట్ షిఫ్ట్‌గా పెట్టి హ్యాండోవర్ చేయించారు, సగం విషయాలు మా నోటి నుంచి రాకుండానే షిఫ్ట్ మారిపోయింది. పక్కన కూర్చున్న జగిత్యాల తమ్ముడు "అన్నా, సంతకం అంటే ఊకె పెట్టుడు గాదన్నట్టు" అన్నాడు. ఆ ప్రమాదం మీద జడ్జి లార్డ్ కలెన్ జరిపిన విచారణ 106 సిఫారసులు చేసింది, వాటిలో పర్మిట్లు, షిఫ్ట్ హ్యాండోవర్ గురించినవి చదివించారు కూడా.

ఇక బాలేనివి. ప్రాక్టికల్ గదిలో ఉన్న గ్యాస్ డిటెక్టర్ మీద క్యాలిబ్రేషన్ తేదీ ఎప్పుడో దాటిపోయింది. సేఫ్టీ నేర్పే చోట ఇది క్షమించలేని విషయం, అడిగితే ట్రైనింగ్‌కే కదా అన్నారు. తేదీ చూడకుండా మీటర్ చేతిలోకి తీసుకునే అలవాటు అక్కడే పడిపోతే సైట్‌లో ఎవరు మాన్పిస్తారు?

పర్యావరణం భాగాన్ని ఒక్క పూటలో తేల్చేశారు. పర్యావరణ నిర్వహణకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14001 క్లాజులు చదివించి వదిలేశారు. డ్రిల్లింగ్ మడ్ ఎక్కడ పోయాలి, బావిలోంచి నూనెతో వచ్చే ఉప్పునీళ్లు ఏం చేయాలి, ఫ్లేరింగ్ (మిగులు గ్యాస్‌ని గాల్లో మండించేయడం) ఎందుకు తగ్గించాలి, ఇవేవీ లేవు. మన తెలుగువాళ్లకి ఈ పాఠం చెప్పడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. కోనసీమలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న మొదలైన బ్లోఔట్ (బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మడం) 65 రోజులు మండింది, 2014 జూన్ 27న అక్కడే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఊళ్లోవాళ్లే చనిపోయారు. అస్సాంలోని బాఘ్‌జాన్‌లో 2020 మే 27న బావి అదుపు తప్పింది, జూన్ 9న నిప్పంటుకుంది, పక్కనే మాగురి చిత్తడి నేల. కంచె బయట ఉన్న ఊరు, పొలం, చెరువు కూడా సేఫ్టీ ఆఫీసర్ బాధ్యతే అని చెప్పని కోర్సు సగం కోర్సే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఆఫీసులో కౌన్సెలర్ మాట. ఓపెన్ బుక్ పరీక్షే, ఇంగ్లీష్ రాదని టెన్షన్ పడకండి, కాస్త ఎక్కువ కడితే పేపర్ మేం చూసుకుంటాం అని మా బ్యాచ్‌లో కొందరికి చెప్పారు. పరీక్ష తర్వాత పేపర్ రాసింది మనమేనా అని చూసే క్లోజింగ్ ఇంటర్వ్యూ ఉంటుంది, దొరికితే సర్టిఫికెట్ పోతుంది, అది ఒక సంగతి. దొరక్కపోతే ఇంకా ప్రమాదం. ఎవరో రాసిన పేపర్‌తో పాసైన మనిషి రేపు పర్మిట్ మీద సంతకం పెడతాడు, ఆ సంతకాన్ని నమ్మి ఒక వెల్డర్ ట్యాంకులోకి దిగుతాడు. వెల్డర్ ఇంట్లో వాళ్లకి ఈ కౌన్సెలర్ ఏం చెబుతాడు? పైన అంత శ్రద్ధగా పాఠం చెప్పే సార్‌ని పెట్టుకుని కింద ఈ బేరం నడపడం ఆ సార్‌కి కూడా అవమానం.

ఉద్యోగం గ్యారంటీ అన్న మాట కూడా నమ్మకండి. గల్ఫ్ కంపెనీలు సైట్ అనుభవం అడుగుతాయి. ఇక్కడ ఫ్యాక్టరీల్లో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకి ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు, నెబోష్ ఒక్కటే ఉంటే సరిపోదు.

ఐదుకి మూడు ఇస్తున్నాను, ఆ మూడూ సార్‌కే. చేరాలనుకుంటే ముందు నెబోష్ సైట్‌లో లెర్నింగ్ పార్ట్‌నర్ల జాబితాలో ఆ ఇన్‌స్టిట్యూట్ ఉందో లేదో చూడండి, పరీక్ష ఫీజు, జీఎస్టీ కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. డెమో అంటే కౌన్సెలర్ ఎదురుగా కూర్చోబెడతారు, అలా కాకుండా నడుస్తున్న క్లాసులో కూర్చుంటామని గట్టిగా అడగండి, అడిగినవాళ్లని కాదనడం నేను చూడలేదు. వీకెండ్ బ్యాచ్ ఉంది, డౌట్లు తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు.